లింకు బాగానే ఉంది, దారే బాగాలేదు

"రూటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్." కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసిన ఎవరికైనా మొదట వినపడే మాట ఇదే. చాలాసార్లు అది పనిచేస్తుంది కూడా, కాబట్టి దాన్ని ఎగతాళి చేయను. కానీ రూటర్ ఎన్నిసార్లు ఆపి వేసినా, ఇంటికొచ్చిన కుర్రాడు ఫైబర్ కనెక్టర్ మార్చి వెళ్లినా, ఆఖరికి రూటర్‌నే మార్చినా పోని సమస్య ఒకటుంది. ఇవాళ దాని సంగతి మాట్లాడుకుందాం.

తెనాలిలో ఇంటి నుంచి పనిచేసే ఒక మెడికల్ కోడర్‌ను ఊహించుకోండి. అమెరికా ఆసుపత్రుల రికార్డులు తెరిచి చూడటం ఆమె పని. పగలంతా బాగానే ఉంటుంది. సాయంత్రం ఏడు దాటితే ఆఫీసు సర్వర్‌లో ఒక్కో పేజీ తెరుచుకోవడానికి నిమిషం పడుతుంది. మీటింగ్‌లో అవతలివాళ్ల గొంతు ముక్కలుముక్కలుగా వినిపిస్తుంది. ఫోన్ చేస్తే అటునుంచి ప్రశ్న: "యూట్యూబ్ వస్తోందా మేడం?" వస్తోంది. "స్పీడ్ టెస్ట్ చేసి చెప్పండి మేడం." 100 ఎంబీ ప్లాన్‌కు 98 చూపిస్తోంది. "అయితే మా సైడ్ నుంచి ఏ ప్రాబ్లం లేదు మేడం, మీ ఆఫీసువాళ్లను అడగండి." ఆఫీసువాళ్లను అడిగితే మిగతా ఉద్యోగులకు బాగానే ఉందంటారు. టికెట్ క్లోజ్ అయినట్టు ఫోన్‌కు మెసేజ్ వస్తుంది.

ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. చిక్కంతా అక్కడే ఉంది. కస్టమర్ కేర్‌లో కూర్చున్న మనిషికి తెరమీద కనిపించేవి కొన్నే. మీ ఇంటిదాకా వచ్చే ఫైబర్‌లో కాంతి ఎంతుంది, మీ లాగిన్ నడుస్తోందా, బిల్లు కట్టారా, ఇలాంటివి. అవన్నీ సరిగ్గా ఉంటే ఆయన లెక్కలో మీ నెట్ బాగున్నట్టే.

యూట్యూబ్ వస్తోందన్నది సాక్ష్యమే కాదు. గూగుల్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సంస్థలు జనం ఎక్కువగా చూసే వీడియోలు నింపిన సర్వర్లను తీసుకొచ్చి ఇంటర్నెట్ కంపెనీల దగ్గరే పెడతాయి. మీరు రాత్రి చూసే సినిమా చాలావరకు సముద్రం దాటి రాదు, దగ్గరి నగరంలో ఉన్న మీ కంపెనీ గదిలోంచే వస్తుంది. స్పీడ్ టెస్ట్ సంగతీ అంతే. దగ్గర్లో ఏ సర్వర్ ఉందో వెతికి దాంతో కొలుస్తుంది. ఆ సర్వర్ చాలాసార్లు మీ కంపెనీదే. అంటే మీ ఇంటి నుంచి కంపెనీ గడప దాకా ఎంత వేగముందో చెబుతుంది. గడప దాటాక ఏమవుతోందో దానికి తెలియదు. మన మెడికల్ కోడర్ ఇబ్బంది మొదలయ్యేది గడప దాటాకే.

గడప దాటాక ఏముంటుంది? 70 వేలకు పైగా నెట్‌వర్కులు ఒకదానికొకటి తగిలించుకుంటే అయిందే ఇంటర్నెట్. ఏ చిరునామాకు ఎటు వెళ్లాలో ఈ నెట్‌వర్కులు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతిని బీజీపీ అంటారు, అంటే బోర్డర్ గేట్‌వే ప్రోటోకాల్. 1989 జనవరిలో అమెరికాలోని ఆస్టిన్‌లో ఇంజనీర్ల సమావేశం జరుగుతుండగా కర్క్ లాహీడ్, యాకొవ్ రెక్టర్ అనే ఇద్దరు భోజనం దగ్గర కూర్చుని కాగితపు న్యాప్‌కిన్ల మీద దాని రూపురేఖలు గీశారు. అప్పటికి గండం గడిస్తే చాలనుకున్నది ఇవాళ్టికీ ప్రపంచమంతా నడుస్తోంది. గొప్ప పనే. కాకపోతే బీజీపీకి తనంతట తనకు రెండు విషయాలు తెలియవు, దూరం ఒకటి, రద్దీ ఒకటి. మధ్యలో ఎన్ని నెట్‌వర్కులు దాటాలో లెక్కపెడుతుంది. ఆ లెక్కకంటే ముందు కంపెనీ ఇంజనీర్లు రాసిపెట్టిన ఇష్టాయిష్టాలు చూస్తుంది. ఆ ఇష్టాయిష్టాల వెనక సాధారణంగా ఉండేది ఏ దారిలో పంపితే తక్కువ ఖర్చవుతుందన్న ఆలోచన.

అందుకే హైదరాబాద్ నుంచి చెన్నై వెళ్లాల్సిన డేటా సింగపూర్ మీదుగా వెళ్లగలదు. రెండు కంపెనీలూ మన దేశంలో ఎక్కడా ఒకదానితో ఒకటి కలవకుండా, సింగపూర్‌లో మాత్రం కలిశాయనుకోండి. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు, డేటా బంగాళాఖాతం దాటివెళ్లి అదే సముద్రం మీదుగా వెనక్కొస్తుంది. దీన్ని లెక్క కట్టొచ్చు. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే వెయ్యి కిలోమీటర్లు వెళ్లి రావడానికి 10 మిల్లీసెకన్లు. హైదరాబాద్ నుంచి చెన్నైకి నేరుగా వెళ్లి రావడానికి పది లోపే చాలు. చెన్నై నుంచి సింగపూర్‌కు సముద్రగర్భ కేబుల్ సుమారు 3,200 కిలోమీటర్లు. పోనూ రానూ రెండుసార్లూ సింగపూర్ తిరిగితే 70 దాటుతుంది. ఇలా వెళ్లి రావడానికి పట్టే సమయాన్ని కొలిచే పరీక్షే పింగ్. అందులో 10 రావాల్సిన చోట 70 వస్తుంటే రూటర్‌ను ఆపి వేసి లాభం లేదు.

మన దేశంలో ఒకప్పుడు ఇది మామూలు వ్యవహారం. ఇక్కడి రెండు కంపెనీల చందాదారుల మధ్య ఈమెయిల్ నడవాలన్నా డేటా విదేశాలు చుట్టి వచ్చేది. దాన్ని తప్పించడానికే 2003లో నిక్సీ, అంటే నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్చేంజ్ ఆఫ్ ఇండియా, ఏర్పడింది. ఇక్కడి కంపెనీలు ఇక్కడే కలుసుకునే చోటు అది. హైదరాబాద్‌లోనూ ఉంది. తర్వాత ప్రైవేటు ఎక్స్చేంజీలూ వచ్చాయి. అయినా కలిసే చోటు కట్టినంత మాత్రాన అందరూ వచ్చి కలవరు. వచ్చినా అక్కడ సరిపడా సామర్థ్యం కొంటారన్న హామీ లేదు.

ఈ సామర్థ్యం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. సాయంత్రం ఏడు తర్వాతే ఎందుకు చెడుతోంది అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడుంది: అందరూ ఒకేసారి నెట్ వాడే వేళకు ఆ కలిసే చోటు ఇరుకైపోతుంది. అమెరికాలో 2014లో ఇది బట్టబయలైంది. వెరైజన్ అనే పెద్ద కంపెనీ చందాదారులకు నెట్‌ఫ్లిక్స్ ముక్కలవుతూ వచ్చేది. తప్పు నెట్‌ఫ్లిక్స్ ఎంచుకున్న దారిదని వెరైజన్ అంది. ఆ దారిలో డేటా మోసుకొచ్చే లెవెల్ త్రీ అనే కంపెనీ దానికి బహిరంగంగా బదులిచ్చింది: లాస్ ఏంజెలెస్‌లో మీ రూటర్, మా రూటర్ కలిసే చోట మాత్రమే ఇరుకైపోయింది, అటూ ఇటూ ఖాళీగానే ఉంది, ఇంకొన్ని పోర్టులు కలిపితే సరిపోతుంది, కావాలంటే ఆ పోర్టుల కార్డులు మేమే కొనిపెడతాం అని. కార్డుల ఖరీదు పెద్ద సంగతి కాదు. ఇంత డేటా తెచ్చి పోస్తున్నందుకు ఎవరు ఎవరికి డబ్బివ్వాలన్నదే అసలు తగవు. అది తేలేదాకా చందాదారుడు తిరిగే చక్రం చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడే ఒక చందాదారుడు చేసిన పని నాకు చాలా నచ్చింది. ఆయనది 75 ఎంబీ కనెక్షన్. దానిమీద నెట్‌ఫ్లిక్స్ 375 కేబీల వేగంతో వస్తోంది. అదే ఇల్లు, అదే తీగ, అదే కంప్యూటర్‌తో వీపీఎన్ పెట్టి చూశాడు. వేగం 3,000 కేబీలకు పెరిగింది. వీపీఎన్ వాడితే డేటా ఇంకో చోటు చుట్టి రావాలి, మామూలుగా అయితే వేగం తగ్గాలి. పెరిగిందంటే తీగ బాగుంది, నెట్‌ఫ్లిక్స్ బాగుంది, మధ్యలో ఒక దారి మాత్రమే బాగాలేదు. ఒక్క పరీక్షతో ఇరుపక్షాల సాకులూ పోయాయి. వీపీఎన్ అంటే దొంగచాటు వ్యవహారమనుకునేవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. ఈ విషయంలో మాత్రం మామూలు మనిషికి దొరికే సాక్ష్యాల్లో ఇంతకంటే గట్టిది లేదు.

కంపెనీల మధ్యే ఇలా ఉంటే చందాదారుడి గోడు ఎవరు వింటారని మీరు అడగొచ్చు. నిజమే, పెద్దవాళ్లకూ వినేవాళ్లు దొరకరు. 2019 జూన్ 24న అమెరికాలో ఒక చిన్న నెట్‌వర్క్ పొరపాటున ప్రకటించిన తప్పుడు దారులను వెరైజన్ సరిచూడకుండా ప్రపంచమంతా చాటింది. క్లౌడ్‌ఫ్లేర్ అనే సంస్థకు చేరాల్సిన డేటా ఆ ఇరుకు దారిలో పడి, ఉద్ధృతంగా ఉన్నప్పుడు వాళ్ల ప్రపంచవ్యాప్త ట్రాఫిక్‌లో 15 శాతం దాకా పోయింది. క్లౌడ్‌ఫ్లేర్ ఇంజనీర్లు వెరైజన్‌కు ఫోన్లు చేశారు, మెయిళ్లు పెట్టారు. ఎనిమిది గంటలు గడిచినా జవాబు రాలేదని వాళ్లే రాసుకున్నారు. చివరికి దారి సరైంది, తప్పు మొదలైన ఆ చిన్న నెట్‌వర్క్ మనిషి ఫోన్ ఎత్తి సరిదిద్దుకోవడం వల్ల. పెద్ద తలుపు తెరుచుకోకపోతే సందులో ఉన్న తలుపు కొట్టాలన్నమాట. దీని అవసరం మనకు తర్వాత పడుతుంది.

ఇప్పుడు మన పనికి వద్దాం. ఫిర్యాదుకు ముందు మన ఇంట్లో తప్పు లేదని తేల్చుకోవాలి. వైఫై తీసేసి కంప్యూటర్‌ను రూటర్‌కు తీగతో కలపండి. సగం సమస్యలు ఇక్కడే పోతాయి, పోతే సంతోషం. పోకపోతే ఇబ్బంది పెట్టే ఆ చిరునామాకే పరీక్ష చేయాలి. గూగుల్‌కు పింగ్ కొట్టి బాగుందంటే లాభం లేదు.

విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి టీ, ఆర్, ఏ, సీ, ఈ, ఆర్, టీ అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ సర్వర్ చిరునామా ఇవ్వండి. ట్రేస్‌రూట్ అంటారు దీన్ని. 1980ల చివర్లో వాన్ జాకబ్సన్ అనే ఇంజనీరు రాసిన ఉపాయం. ప్రతి ప్యాకెట్ మీదా, అంటే డేటా ముక్క మీదా, ఇన్ని రూటర్లు మాత్రమే దాటవచ్చని ఒక అంకె ఉంటుంది. ఒక్కో రూటర్ దాన్ని ఒకటి తగ్గిస్తుంది. సున్నా అయితే ప్యాకెట్‌ను పారేసి, పారేశానని పంపినవాడికి కబురు పెడుతుంది. ఆ అంకెను ఒకటి, రెండు, మూడు అని పెంచుకుంటూ పోతే దారిలో ఉన్న రూటర్లన్నీ వరసగా తమ ఉనికి చెప్పేస్తాయి. రూటర్ల పేర్లలో తరచుగా విమానాశ్రయాల సంకేతాలు ఉంటాయి. ఎమ్, ఏ, ఏ అంటే చెన్నై. బీ, ఓ, ఎమ్ అంటే ముంబై. ఎస్, ఐ, ఎన్ కనిపిస్తే మీ డేటా సింగపూర్ చూసొచ్చినట్టే.

ఇక్కడ ఒక జాగ్రత్త. మధ్యలో ఒక వరసలో నక్షత్రం గుర్తులు వచ్చాయనో, ఒకచోట 200 మిల్లీసెకన్లు చూపించిందనో ఎగిరిపడకండి. రూటర్ల అసలు పని డేటాను ముందుకు తోయడం. మన పరీక్షలకు బదులివ్వడం వాటికి ఆఖరి పని, తీరిక లేకపోతే మానేస్తాయి. ఒకచోట మొదలైన ఆలస్యం చివరి వరస దాకా కొనసాగితేనే లెక్క. మధ్యలో కనిపించి మాయమైతే అది సమస్య కాదు. ఈ తేడా తెలియక పంపిన ఫిర్యాదును ఇంజనీరు ఒక్క చూపు చూసి పక్కన పడేస్తాడు, ఆ తర్వాత మీరు నిజం చెప్పినా నమ్మడు. ఇంకో సంగతి, వెళ్లే దారీ వచ్చే దారీ ఒకటి కానక్కర్లేదు. మీ ట్రేస్‌లో కనిపించేది వెళ్లే దారి మాత్రమే. జబ్బు తిరుగు దారిలో ఉండొచ్చు. అందుకని వీలైతే అవతలి వైపు నుంచి మీ చిరునామాకు కూడా ట్రేస్ తీయించండి. ఆఫీసులో నెట్‌వర్క్ చూసేవాళ్లను అడిగితే చేసిపెడతారు.

ఎమ్‌టీఆర్ అని ఇంకో పనిముట్టుంది. ట్రేస్‌రూట్‌నే వందసార్లు నడిపి ఎక్కడ ఎంత శాతం ప్యాకెట్లు పోతున్నాయో చూపిస్తుంది. బాగున్న వేళ ఒకసారి, చెడిన వేళ ఒకసారి తీసి, తేదీ, సమయం కనపడేలా దాచండి. అదే సమయంలో మొబైల్ డేటాతో అదే చిరునామాకు ఇంకొకటి. అది వేరే కంపెనీ సిమ్ అయితే మరీ మంచిది.

ఫిర్యాదు ఎలా రాయాలి? "మీ నెట్ దారుణంగా ఉంది, నెలనెలా డబ్బు కడుతున్నాను" అని మొదలుపెడితే అది బిల్లింగ్ విభాగానికి పోతుంది. ఇలా రాయండి: "నా ఇంటి లింకు, లాగిన్ బాగున్నాయి. స్పీడ్ టెస్ట్ బాగుంది. ఫలానా ఐపీ చిరునామాకు మాత్రం రోజూ సాయంత్రం 7 నుంచి 11 దాకా ప్యాకెట్ లాస్ ఉంది. అదే సమయంలో వేరే కంపెనీ నెట్‌లోనూ, మీ నెట్ మీదే వీపీఎన్‌తోనూ లేదు. మీ నెట్‌వర్క్ దాటి ఫలానా నెట్‌వర్క్‌లోకి వెళ్లే చోట మొదలై చివరిదాకా ఉంటోంది. ఎమ్‌టీఆర్ ఫలితాలు జతచేశాను. దీనికి ఇంటికి మనిషిని పంపనక్కర్లేదు, నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్‌కు పంపండి." ఇంటికి మనిషిని పంపనక్కర్లేదన్న మాట చాలా ముఖ్యం. ఆ మాట లేకపోతే పొద్దున్నే నిచ్చెనతో కుర్రాడు వస్తాడు, కనెక్టర్ మారుస్తాడు, పగలు పరీక్షిస్తే బాగానే ఉంటుంది, టికెట్ క్లోజ్ అవుతుంది. పాపం, అతని తప్పేం లేదు. అతని దగ్గరున్న పనిముట్టు ఫైబర్‌లో కాంతిని కొలిచేది.

మన ఊళ్లలో మరో మెలిక. చాలాచోట్ల నెట్ ఇచ్చేది లోకల్ కేబుల్ ఆపరేటర్. ఆయన పైన పెద్ద కంపెనీ, దానిపైన దానికి డేటా అమ్మే మరో కంపెనీ. ఆపరేటర్‌కు ఎంత మంచితనమున్నా దారి మార్చే అధికారం లేదు. కానీ ఆయనకు పై ఇంజనీర్ల వాట్సాప్ గ్రూపు ఉంటుంది. కస్టమర్ కేర్‌లో చెప్పి డాకెట్ నంబరు తీసుకున్నాక, ఆ నంబరుతో పాటు పరీక్షల ఫలితాలు ఆయనకు కూడా పంపండి. ఇందాక అన్న సందులో తలుపు ఇదే.

డాకెట్ నంబరు మాత్రం వదలకండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో చేసిన ఫిర్యాదుల నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ ఆ నంబరు ఇవ్వాలి. పరిష్కారం కాకపోతే, తృప్తిగా లేకపోతే 30 రోజుల్లోగా అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేసుకోవచ్చు. అది 39 రోజుల్లో తేల్చాలి. అప్పీలుకు రుసుము లేదు. వ్యక్తుల ఫిర్యాదులను ట్రాయ్ తానే విచారించదు, కాబట్టి అక్కడికి రాసి ఎదురుచూడటం వృథా. టెలికాం శాఖ ఫిర్యాదుల విభాగం ఉంది. వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లొచ్చు. టెలికాం సేవలు ఆ కమిషన్ల పరిధిలోకి వస్తాయని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టంగా చెప్పింది.

అయితే ఈ నిబంధనల్లో ఒక ఖాళీ ఉంది, దాచకుండా చెప్పాలి. బ్రాడ్‌బ్యాండ్ నాణ్యతకు 2006లో ట్రాయ్ పెట్టిన కొలతలో ఆలస్యం 120 మిల్లీసెకన్ల లోపు ఉండాలన్నారు. కొలిచింది కంపెనీ కేంద్రం నుంచి ఎక్స్చేంజ్ దాకా. మీ ఆఫీసు సర్వర్ దాకా కాదు. పైగా ఇందాక మనం కట్టిన లెక్క గుర్తు చేసుకోండి, సింగపూర్ రెండుసార్లు తిరిగొచ్చినా 120 లోపే! ఆ నిబంధనల స్థానంలో 2024 అక్టోబరు 1 నుంచి కొత్తవి అమల్లోకి వచ్చాయి. ఏ కొలతైనా, కంపెనీ మొత్తానికి తీసిన లెక్కలో మీ ఒక్క దారి చెడిన సంగతి మునిగిపోతుంది. అందుకే చట్టం పేరు చెప్పి బెదిరించే ఉత్తరం కంటే, తప్పెక్కడుందో వేలు పెట్టి చూపించే ఉత్తరానికే నా అనుభవంలో తొందరగా జవాబొచ్చింది. ఇంజనీరుకు కోపం తెప్పించడం కంటే కుతూహలం తెప్పించడం మేలు.

ఒక్కోసారి కంపెనీ చేతిలో నిజంగానే ఏమీ ఉండదు. 2024 ఫిబ్రవరిలో, మళ్లీ 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలో కేబుళ్లు తెగాయి. ఓడ వెళ్లి తీగను పైకి తీసి అతికేదాకా యూరప్ వైపు డేటా చుట్టు దారులు పట్టింది. అలాంటప్పుడు సరిచేయమని అడగడం అన్యాయం, ఏం జరిగిందో చెప్పమనడం న్యాయం. చాలా కంపెనీలు ఆ ఒక్క మెసేజ్ కూడా పంపవు. ఇది మాత్రం నాకు ఎప్పటికీ అర్థం కాదు. కేబుల్ తెగిందని ఒప్పుకోవడానికి మొహమాటం ఎందుకు?

మీ కంపెనీ కదలకపోతే అవతలి వైపు నుంచి నరుక్కురండి. సర్వర్ ఉన్న సంస్థ తన చిరునామాలను ఏ దారిలో ఎలా ప్రకటించాలో మార్చుకోగలదు, తిరుగు దారిని తానే ఎంచుకోగలదు. దానికి డేటా అమ్మే కంపెనీ దాన్ని పెద్ద కస్టమర్‌గా చూస్తుంది, నెలకు కొన్ని వందలు కట్టే మనల్ని చూసినట్టు చూడదు. మన మెడికల్ కోడర్ ఆఫీసులో అదే ఊరి నుంచి అదే కేబుల్ నెట్‌తో పనిచేసేవాళ్లు ఇంకో నలుగురుంటే, నలుగురి ఎమ్‌టీఆర్‌లూ కలిపి ఆఫీసు ఐటీ విభాగానికి ఇవ్వడం మంచిది.

అదీ కుదరక ఇంకో కనెక్షన్ తీసుకుందామనుకుంటే, డబ్బు కట్టేముందు ఒక్క పని చేయండి. ఆ కనెక్షన్ ఉన్న పక్కింటివాళ్ల దగ్గర కూర్చుని, సాయంత్రం ఏడు తర్వాత అదే చిరునామాకు ట్రేస్ తీసి చూడండి. ఒకే స్తంభం మీద వేలాడే రెండు కంపెనీల తీగలు, పైకి వెళ్లాక ఒకే పెద్ద కంపెనీ దగ్గర డేటా కొంటూ ఉండొచ్చు. రెండు ట్రేస్‌లలోనూ మూడో నాలుగో వరస తర్వాత అవే పేర్లు వస్తే, ఆరు నెలల ప్యాకేజీ డిస్కౌంటు ఎంతిచ్చినా తీసుకోకండి. పేర్లు వేరుగా ఉండి, చివరి వరసలో అంకె తగ్గితే, ముందు ఒక్క నెలకు కట్టి చూడండి.